రేపటి ట్రే

త్రిపురసుందరి సిస్టర్ నా చేతిలో ఒక పనిముట్టు పెట్టి మూడు సంగతులు అడిగేది. దీని పేరేమిటి, దేనికి వాడతారు, డాక్టరు చేతికి ఎటు తిప్పి అందించాలి. నాకు మూడూ తెలిసినా గొంతు పైకి వచ్చేది కాదు. "మాస్కు లోపలే మింగేస్తే ఆయనకేం వినిపిస్తుందమ్మా? కత్తి అడిగితే నువ్వు దేవుడికి దండం పెట్టుకుంటున్నావనుకుంటాడు" అనేది సిస్టర్. థియేటర్లో ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేను ఇంకా కిందికి చూసేదాన్ని.

మాది జనగామ దగ్గర పల్లె. పదో తరగతి దాకా ఊళ్లో జిల్లా పరిషత్ బడి, తర్వాత ఉప్పల్లో ఒకేషనల్ కాలేజీ, నర్సింగ్ కోర్సు. రెండో సంవత్సరంలో ఏదో ఒక ఆసుపత్రిలో పని నేర్చుకోవాలి. నాకు నాచారం మెయిన్ రోడ్డు మీద ఒక చిన్న ఆసుపత్రి వచ్చింది. మా అమ్మ తమ్ముడు బాలరాజు మామ ఆ వెనక సందులోనే రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటాడు కాబట్టి నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను. మామకూ శ్యామల అత్తకూ పిల్లలు లేరు. మామ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డులో ఇనుము చెక్కే లేతు మిషను నడుపుతాడు.

పొద్దుగూకినాక మామ స్నానం చేసి వచ్చి నా పక్కన కూర్చునేవాడు. ఫోన్లో పనిముట్ల బొమ్మలు ఒక్కొక్కటే పెట్టి, కింద పేరు కనిపించకుండా బొటనవేలు అడ్డం పెట్టి నన్ను అడిగేవాడు. మామ ముందు నాకు గొంతు బాగానే వచ్చేది. ఇది ఆర్టరీ ఫోర్సెప్స్, రక్తం కారే నరాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఇది నీడిల్ హోల్డర్, అదీ అలాగే ఉంటుంది గానీ మూతి పొట్టి, లోపల అడ్డగీతలు ఉంటాయి, సూది జారకూడదు. ఇది ఎల్లిస్, కొసన పళ్లుంటాయి, చర్మంలాంటి గట్టిదాన్ని పట్టి లాగడానికి. మామ ఊకొడుతూ, ఇదంతా మా షెడ్డు సామానే గదా, కాకపోతే మీది జర సాపుగా ఉంది అనేవాడు. బాబ్‌కాక్ బొమ్మ చూసి మాత్రం మోసపోయాడు. దీని పళ్లన్నీ అరిగిపోయినయి, మీ డాక్టరుకు చెప్పి పడేయించు అన్నాడు. అది అరగలేదు మామా, పేగును పట్టుకునేది, పళ్లుంటే పేగు చిరుగుతుంది అని చెప్పాను.

"గాటు పడకుండ పట్టుకునే పని మా కాడ లేదు బిడ్డా" అన్నాడు మామ.

ఇంకోరోజు జిగ్లీ చూపించాను. అది మెలివేసిన తీగ, రెండు కొసలకూ రెండు పిడులు. ఎముక వెనకనుంచి పోనిచ్చి అటూ ఇటూ లాగితే ఎముక తెగుతుంది. మామ నమ్మలేదు. తీగతో బొక్క తెగడమేంటని అన్నం తినేటప్పుడు కూడా అదే అడిగాడు. "పొద్దంత ఇనుము, ఇంటికొస్తె గూడ ఇనుమేనా? ఇద్దరికిద్దరు కలిసిన్రు" అని అత్త కంచాలు ఎత్తేసింది. ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను, ఎందుకంటే ఆరోజు ముగ్గురం బాగా నవ్వాం.

కార్తీకం వచ్చాక మామ అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఏటా వేసుకుంటాడు. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, కాళ్లకు చెప్పులు లేకపోవడం. షెడ్డులో నేలంతా లేతు మీదనుంచి రాలిన ఇనుప పొట్టే. చుట్టలు చుట్టలుగా, బ్లేడు అంచులా ఉంటుంది. గురుస్వామి కూడా పనికాడ చెప్పులు వేసుకుంటే తప్పులేదని చెప్పాడట. మామ వినలేదు. మామూలు రోజుల్లో బూట్లు లేకపోతే లోపలికి రానివ్వని షెడ్డు యజమాని, మాలలో ఉన్న మనిషిని ఏమీ అనలేక "స్వామీ, జర చూసుకొని నడువున్రి" అని ఊరుకున్నాడట. మాలలో ఉన్నంతకాలం ఇంట్లో మేమూ స్వామీ అనే పిలిచాం. స్వామికి ఎవరు చెప్తారు?

చర్లపల్లి నుంచి స్పెషల్ రైల్లో శబరిమల పోయి వచ్చాడు. వచ్చినాక ఎంతో సంబరంగా చెప్పాడు. కొండ ఎక్కుతుంటే రాళ్లకు అందరి కాళ్లూ పగిలి కూలబడ్డారట, తనకు మాత్రం ఏ నొప్పీ తెలియలేదట. అంతా అయ్యప్ప దయ అన్నాడు. అత్త దేవుడి పటానికి దండం పెట్టింది. మాల తీసిన మర్నాడు అత్త గచ్చు తుడుస్తూ, అక్కడక్కడా ఎర్రగా మరకలేంటని మామ కాలు పట్టుకుని పైకెత్తి చూసింది. చిటికెన వేలు, పక్క వేలు నల్లబడి ఉన్నాయి. అరికాలి లోపల ఇనుప పొట్టు ముక్క ఉంది. అది ఎప్పుడు దిగిందో మామకు తెలియదు.

పెద్ద దవాఖానాకు పోదామని అత్త అంటే మామ ఒప్పుకోలేదు. "నా బిడ్డ ఉన్న కాడికే పోదాం" అన్నాడు. అలా మా ఆసుపత్రికే తెచ్చాం. రక్తం పరీక్ష చేస్తే చక్కెర వ్యాధి బయటపడింది. ఎన్నేళ్లనుంచి ఉందో ఎవరికీ తెలియదు. కాళ్లలో స్పర్శ అంతా పోయింది. నొప్పి తెలియకపోవడం దాంతోనేనని సర్జన్ విశ్వనాథం గారు చెప్తుంటే మామ నా వైపు చూసి నవ్వబోయి ఆగిపోయాడు.

మొదట రెండు వేళ్లు తీసేస్తే సరిపోతుందన్నారు. మామ భయపడలేదు. రెండు వేళ్లు లేకపోతే లేతు ముందు నిలబడలేనా అన్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, వేళ్లకైతే ఏ సామాను పెడతారని అడిగాడు. చిన్న కత్తి, సన్న ఆర్టరీలు, ఎముక ముక్క కొరికే బోన్ నిబ్లర్, బోన్ కట్టర్ అని చెప్పాను. "గంతే. తీగ కత్తిరించే నిప్పరు పని" అని పక్క మంచం ఆయనకు కూడా వివరించాడు. మా కోడలు పిల్లకు ఈ దవాఖానా సామానంతా నోటికొస్తది అని చెప్పుకున్నాడు. నాకు సిగ్గేసి బయటికి వచ్చేశాను.

ఆపరేషన్ ముందు జ్వరం తగ్గాలని మందులు పెట్టారు. జ్వరం తగ్గలేదు. వాపు మడమ దాటింది. కాలికి స్కానింగ్ చేశారు. ఆ సాయంత్రం నేను థియేటర్ పక్కగదిలో పనిముట్లు కడిగి తుడుస్తున్నాను. మర్నాటి కేసుకు ఏమేం కావాలో ముందురోజే ట్రేలో పేర్చి, పచ్చగుడ్డలో మూటకట్టి, ఆవిరి మిషన్లో పెట్టాలి. ఆ పని సిస్టర్ నాకు అప్పగించి కొన్నాళ్లయింది. ఆమె పేరు చెప్పడం, నేను తీసి పెట్టడం.

"రేపు పొద్దున కేసు. రాసుకోనక్కర్లేదు, చెప్తాను పెట్టేయి" అంది. కత్తి పిడులు, ఆర్టరీలు పెద్దవీ చిన్నవీ, పళ్ల ఫోర్సెప్స్, కండను వెనక్కి లాగి పట్టే రిట్రాక్టర్లు. పెట్టాను. ఆ తర్వాత పొడుగు యాంపుటేషన్ కత్తి అంది. అదీ పెట్టాను. ఎముక మీది పొర గీకే ఎలివేటర్. రంపం. జిగ్లీ కూడా పెట్టు, అవసరం పడొచ్చు. కోసిన ఎముక అంచు నున్నగా చేసే ఆకురాయి.

మా ఆసుపత్రిలో అప్పుడు కాలి కేసు ఒక్కటే ఉంది. అయినా అడిగాను, ఎవరికి అని.

సిస్టర్ నా మొహం చూసి, చేతిలో ఉన్న మూత కింద పెట్టింది. "నీకు చెప్పలేదా మీవాళ్లు? మధ్యాహ్నం సార్ పిలిచి మాట్లాడారే. పాదానికి రక్తం అందడం లేదటమ్మా. విషం పైకి పాకుతోంది. మోకాలి కిందనుంచి తీసేయకపోతే మనిషి దక్కడు." తర్వాత, నువ్వు ఇంటికి వెళ్లు, ఇవి నేను పెట్టుకుంటాను అంది. నేను వెళ్లలేదు. రంపం ట్రేలో ఎడమ పక్కన పెట్టాలి, పళ్లు బయటివైపు ఉండకూడదు. అది సరిగ్గా పెట్టి, గుడ్డ నాలుగు కొసలూ మడిచి, టేపు అంటించాను. టేపు మీద మంచం నంబరు వేయాలి. సిస్టరే వేసింది.

వరండాలో అత్త, ఘట్‌కేసర్ నుంచి వచ్చిన పెద్దమామ చంద్రయ్య ఉన్నారు. అత్త నన్ను చూడగానే గోడవారకు లాక్కెళ్లింది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. డాక్టరు, ఆయనకు మీరు చెప్తారా నన్ను చెప్పమంటారా అని అడిగారట. మేమే చెప్తామని వీళ్లు తలూపి వచ్చారట. ఇప్పుడు చెప్పడం లేదట.

"చెప్తే వాడు బల్ల ఎక్కుతడా?" అన్నాడు పెద్దమామ. "కాలు పోతదంటే లేసి ఇంటికి పోత అంటడు. పోయి ఏం జేస్తడు, సస్తడు. ముందు పానం దక్కనియ్యి. లేసినంక నన్ను తిట్టుకోనియ్యి, కొట్టుకోనియ్యి."

"నువ్వేం తెల్వనట్టుండు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత" అంది అత్త.

ఆమె నిజంగానే వంగబోయింది. నేను పట్టుకుని ఆపాను. సరే అన్నానో లేదో నాకు గుర్తులేదు. డాక్టరు గదిలోకి వెళ్లి, మామకు చెప్పలేదు సార్ అనాలనిపించింది. ఆయన గది తలుపు దగ్గరదాకా వెళ్లాను కూడా. లోపల ఎవరో పేషంట్లు ఉన్నారు. వాళ్లు వచ్చేదాకా నిలబడి ఉంటే ఆయన వేరే తలుపులోంచి వెళ్లిపోయారు. ఆయన కారు ఉప్పల్ వైపు తిరగడం మెట్ల కిటికీలోంచి కనిపించింది.

వార్డులోకి పోకుండా ఇంటికి వెళ్లిపోదామనుకున్నాను. మామే కేకేశాడు. జ్వరంతో కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ మాట మామూలుగానే ఉంది. మంచం పక్కన స్టూలు లాగి కూర్చోమన్నాడు. పక్క మంచం ఆయన నిద్రపోతున్నాడు.

"రేపటికి ట్రే పెట్టినవా?"

పెట్టాను అన్నాను.

"నువ్వే పెట్టినవా, సిస్టర్ పెట్టిందా?"

నేనే అన్నాను. మామకు సంతోషమైంది. ఇంట్లో అడిగినట్టే బొటనవేలు ఒకటి పైకెత్తి, ఊ చెప్పు అన్నాడు. కత్తి పిడి అన్నాను. రెండోది ఎత్తాడు. ఆర్టరీలు. పళ్ల ఫోర్సెప్స్. రిట్రాక్టర్ అనగానే వేళ్లకు రిట్రాక్టర్ ఎందుకే అన్నాడు. మళ్లీ తనే, కానియ్యి, తర్వాతది చెప్పు అన్నాడు. నిబ్లర్ అని ఒక్కమాట అంటే అయిపోయేది. ఆ మాట నాకు తెలుసు, నాలుక దాకా వచ్చింది కూడా. మామ ఎత్తిన చెయ్యి అలాగే గాలిలో ఉంది. నేను దుప్పటి అంచు చూస్తూ కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో కారిడార్లో స్టీలు గిన్నె కింద పడేశారు.

మామ చెయ్యి మెల్లగా దించుకున్నాడు.

"రంపమా?" అన్నాడు.

నేను లేచి వెళ్లిపోవాలి. వెళ్లలేదు. లేదని చెప్పాలి. అదీ చెప్పలేదు. మామ తల గోడవైపు తిప్పుకున్నాడు. తర్వాత అటు తిరిగే అడిగాడు, ఎక్కడిదాకా అని. నేను నా మోకాలి కింద చెయ్యి పెట్టి చూపించాను. మామ చూడలేదని తర్వాత తెలిసింది. మళ్లీ అడిగాడు. అప్పుడు నోటితో చెప్పాల్సి వచ్చింది.

"మీ అత్తకు తెలుసా?"

"తెలుసు మామా."

"నాకు తెలుసని చెప్పకు. పాపం, అబద్ధం ఆడనీకి రాదు దానికి. పొద్దటిసంది నా మొకం సూస్తలేదు." కొంచెం ఆగి, "అన్నకు గూడ చెప్పకు" అన్నాడు.

అలా ఇద్దరి మాటా నా దగ్గరే ఉండిపోయింది. పొద్దున్నే ఆపరేషన్ గౌను తొడిగి స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు అత్త మామ నుదుటికి విభూతి పెట్టి, రెండు వేళ్లే, జరసేపట్లో అయిపోతది అంది. మామ, ఆ, రెండు వేళ్లే గదా అన్నాడు. పెద్దమామ, నెల తిరగకముందే మిషన్ మీద ఉంటవురా అన్నాడు. దానికీ మామ తలూపాడు. అత్త నా వైపు చూసి కళ్లతోనే దండం పెట్టినట్టు చేసింది. ఆ మాటలన్నీ నా ముందే జరుగుతున్నాయి. ఎవరు ఎవరిని కాపాడుతున్నారో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. స్ట్రెచర్ చక్రం ఒకటి పక్కకు లాగుతుంటే దాన్ని సరిగ్గా నెట్టడమే నా పని అయింది.

నువ్వు లోపలికి రావద్దని సిస్టర్ అంది. మామే, ఆమెను ఉండనియ్యున్రి, తలకాడ ఉంటది అని బతిమాలాడు. ఉండిపోయాను.

విశ్వనాథం గారు మాస్కు కట్టుకుని వచ్చి, మత్తు సూది ఇచ్చేముందు మామను పలకరించారు. నిన్న మీవాళ్లు అంతా చెప్పారు కదా అని అడిగారు. చెప్పాల్సింది చెప్పిన్రు సార్ అన్నాడు మామ. ఆయనకు అనుమానం వచ్చినట్టుంది. ఎంతవరకు తీస్తున్నామో చెప్పారా అని మళ్లీ అడిగారు. మామ పైకప్పు వైపు చూశాడు. ఆయన చేతిలో పెన్నుతో మామ కాలి మీద, మోకాలికి బెత్తెడు కింద, ఒక గీత గీశారు. ఎందుకో నెమ్మదిగా వివరించారు. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే ఆపేస్తాను, కానీ ఆపితే రెండు మూడు రోజులకంటే ఎక్కువ మిమ్మల్ని కాపాడగలనని చెప్పలేను అన్నారు.

మామ తల వెనక్కి వంచి, తలదగ్గర నిలబడ్డ నన్ను చూశాడు. ఆయన మొహం నాకు తలకిందులుగా కనిపించింది.

"హిమజా, నువ్వు చెప్పు. దీనికి ఇంతకంటె చిన్న సామాను లేదా మీ కాడ?"

డాక్టరు నా వైపు చూశారు. త్రిపుర సిస్టర్ చూసింది. అల్మారాలో ఉన్నవన్నీ నాకు తెలుసు. పేరు తెలుసు, పని తెలుసు, ఎటు తిప్పి అందించాలో తెలుసు. కనురెప్పను పట్టే అంత చిన్నవి కూడా ఉన్నాయి. ఆ కాలికి పనికొచ్చేది వాటిలో ఒక్కటీ లేదు.

"లేదు మామా" అన్నాను.

మామ ఇంకొంచెంసేపు నన్నే చూశాడు. తర్వాత డాక్టరుతో, అయితే కానియ్యున్రి సార్ అన్నాడు.

వెన్నులో మత్తు ఇచ్చారు. నడుము కింద ఏమీ తెలియదు, కానీ మనిషి మెలకువగానే ఉంటాడు, అన్నీ వినిపిస్తాయి. ఛాతీ మీద పచ్చగుడ్డ తెర కట్టారు. నేను తల దగ్గర స్టూలు వేసుకుని మామ కుడిచెయ్యి పట్టుకున్నాను. తెర అవతల సిస్టర్ చేతిలోంచి డాక్టరు చేతిలోకి పనిముట్లు పడే చప్పుడు. మామ కళ్లు మూసుకుని వింటున్నాడు. మత్తు డాక్టరు నిద్రకు ఇంకో సూది ఇవ్వనా అని అడిగితే వద్దన్నాడు. రంపం మొదలైంది. మామ చెయ్యి గట్టిగా బిగిసింది, కానీ అరవలేదు. "పదునుగనే ఉంది. సాఫ్ పోతుంది" అన్నాడు నాకొక్కదానికే వినపడేలా. మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి పోతుంటే నా మోచేత్తో తుడిచాను.

రంపం ఆగింది. ఇంకేదో కోస్తున్నారు. సిస్టర్ తెర పైనుంచి తొంగిచూసింది.

"హిమజా, కింద అందుకునేవాళ్లు ఎవరూ లేరమ్మా. గ్లౌజులు తొడుక్కుని, ఆ గుడ్డ చేతుల మీద పరుచుకుని రా."

మామ చెయ్యి విడిపించుకుని వెళ్లాను. బల్ల కొసన నిలబడి చేతులు చాపాను. డాక్టరు చివరి కండ కోసి, జాగ్రత్త అన్నారు. అది నా చేతుల్లోకి వచ్చింది. నేను అనుకున్నదానికంటే ఎంతో బరువుంది. ఇంకా వెచ్చగా ఉంది. గుడ్డలోంచి మడమ బయటికి కనిపిస్తోంది, మామ రోజూ మెట్టు మీద రుద్దుకునే ఆ గరుకు మడమ. ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. అందరూ రక్తం ఆపే పనిలో ఉన్నారు. ఆర్టరీ, ఇంకో ఆర్టరీ అంటున్నారు.

తెర అవతలనుంచి మామ పిలిచాడు. "హిమజా, ఏడికి పోయినవే?"

"ఇక్కడనే ఉన్న మామా."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

తెర అంచు పక్కనుంచి మామ చెయ్యి బయటికి వచ్చింది. సెలైన్ సూదికి వేసిన టేపుతో, వేళ్లు విచ్చుకుని, గాలిలో అటూ ఇటూ వెతుకుతోంది.

"జర చెయ్యియ్యి బిడ్డా" అన్నాడు.

నా రెండు చేతులూ ఖాళీ లేవు. ఒక అడుగు అటు వేసి, మళ్లీ ఆగి, ఆ బరువును గుండెకు ఆనించుకుని, ఎవరైనా నా వైపు చూస్తారేమోనని నిలబడ్డాను.